ఎనిమిది గళ్ళ వీరులు

నరసరావుపేటలోని ఒక బాలికల హైస్కూలుకి రెండు కంప్యూటర్లు వచ్చిన రోజున, వాటిని చూడ్డానికి టీచర్లందరినీ పిలిచారు, ఒక్క మస్తానమ్మను తప్ప. ఆమె కుట్టు టీచరు. కుట్టు టీచరుకి కంప్యూటరుతో పనేముంటుందని హెడ్మిస్ట్రెస్ రాజారత్నం గారు అనుకున్నారు. ఆవిడను అని లాభం లేదు, ఆ కాలంలో అందరూ అలాగే అనుకునేవారు. స్టాఫ్ మీటింగుకి కుర్చీలు తక్కువైతే లేచి నిలబడాల్సింది ముందు కుట్టు టీచరు, తర్వాత డ్రిల్లు మాస్టారు. మస్తానమ్మ మాత్రం ఏ రోజూ లేవలేదు. తన కుర్చీలో తను కూర్చుని, ఒళ్ళో ఎవరో పిల్ల కుట్టిన జేబురుమాలు పెట్టుకుని, వంకరపోయిన కుట్లు విప్పుతూ ఉండేది. ఆమెను లేవమనే ధైర్యం ఎవరికీ రాలేదు.

అది ఎనభై ఆరో సంవత్సరం. అప్పటికి మస్తానమ్మకు ముప్పై నాలుగేళ్ళు. పుట్టింది కారెంపూడిలో. తండ్రి గురవయ్య దాచేపల్లి పక్క క్వారీలో బండలు తీసేవాడు, తల్లి లింగమ్మ మిరపకోతలకు పోయేది. ఇంట్లో పుస్తకమంటూ ఉంటే అది ఈమె చదివే పాఠ్యపుస్తకమే. పదో తరగతి గట్టెక్కాక, వీధి చివర రజియా అనే ఆవిడ దగ్గర మిషను తొక్కడం నేర్చుకుంది. గుంటూరు పోయి కుట్టుపని లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ఒకే ఏడు పాసయింది. ఉద్యోగం వచ్చిన నెలలో తండ్రికి ఒక ఉన్ని కోటు కుట్టి పంపితే, పల్నాటి ఎండల్లో అది వేసుకునే రోజులు ఏడాదికి నాలుగు కూడా ఉండవని తెలిసి కూడా ఆయన క్వారీకి దాన్నే వేసుకుపోయి, చెమటలు కక్కుతూ అందరికీ చూపించి వచ్చాడట. మొగుడు నాగులు సిమెంటు లారీ డ్రైవరు. మనిషి మంచివాడు, ఇంట్లో ఉండేది తక్కువ.

క్లాసులో మస్తానమ్మ పద్ధతి ఒకటుంది. పిల్ల గుడ్డ తెచ్చి చూపిస్తే ముందు వెనక్కి తిప్పేది. పైన పువ్వు ఎంత అందంగా ఉన్నా, వెనక దారాలు చిక్కుపడి ఉంటే అక్కడికక్కడే విప్పించేది. "పైన అందరూ బాగానే కుడతారే. వెనక చూపీ నాకు," అనేది. పిల్లలు ఆమెను చూసి హడలిపోయేవాళ్ళు, సెలవుల్లో మాత్రం ఆమె ఇంటికే వచ్చి కూర్చునేవాళ్ళు.

కంప్యూటర్లు వచ్చిన వారానికి ఆ కుట్టు టీచరుతోనే అవసరం పడింది. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయన్నారు, వాటికి తొడుగులు కావాలి. మస్తానమ్మ టేపు పట్టుకుని ఆ గదికి వెళ్ళింది. లోపల లెక్కల మాస్టారు చెన్నకేశవరావు ఒక్కడే ఉన్నాడు. ఆయనది క్రోసూరు. రెండు వారాల శిక్షణకు పోయి వచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచీ అన్నం కూడా సరిగ్గా తినకుండా ఆ గదిలోనే మకాం. పిల్లలకు లెక్కల్లాంటివి చూపిస్తే ఆవులిస్తున్నారని, వాళ్ళ కోసం ఒక యుద్ధం ఆట తయారు చేస్తున్నాడు. పాతకాలపు కోట, దాని మీదికి దండెత్తి వచ్చే సైన్యం, కత్తులు, గుర్రాలు. ఎత్తు మీద ఎత్తు వేసి ఆడాలి. లెక్కంతా కుదిరింది, బొమ్మలే కుదరలేదు. తెర మీద ఏదో నాలుగు కాళ్ళ జీవి ఉంది.

"ఏంది మాస్టారూ అది?" అంది మస్తానమ్మ.

"గుర్రం."

"గాడిద కూడా ఒప్పుకోదండీ దాన్ని తన చుట్టమని."

చెన్నకేశవరావుకి కోపం రాలేదు, ఏడుపొచ్చినంత పనయింది. ఒక్కో బొమ్మకి అడ్డం ఎనిమిది గళ్ళు, నిలువు ఎనిమిది గళ్ళు మాత్రమే ఉంటాయనీ, ఏ గడి వెలగాలో ఏది ఆరాలో మనమే చెప్పాలనీ, అంత చిన్న చోటులో గుర్రాన్ని దించడం మనుషుల వల్ల అయ్యే పని కాదనీ చెప్పుకొచ్చాడు. మస్తానమ్మ ఆయన ముందున్న గళ్ళ కాగితం లాక్కుని చూసింది. అది పదిహేనేళ్ళుగా ఆమె రోజూ చూస్తున్న కాగితమే. గళ్ళ గుడ్డ మీద చిలకను కుట్టాలన్నా, కలశం కుట్టాలన్నా ముందు ఇలాంటి కాగితం మీదే చుక్కలు పెట్టుకోవాలి. పెన్సిలు తీసుకుని, మెడ వంచిన గుర్రాన్నీ, పైన బల్లెం పట్టిన మనిషినీ అయిదు నిమిషాల్లో దించేసింది. ఏ గడి వదిలేస్తే డొక్క లోపలికి పోయినట్టు కనిపిస్తుందో ఆమె వేళ్ళకు తెలుసు.

చెన్నకేశవరావు ఆ చుక్కల్ని అంకెలుగా మార్చి మిషనులోకి ఎక్కించాడు. తెర మీద గుర్రం నిలబడింది. ఆయన లేచి తలుపు దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఒకసారి చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "టీచరమ్మా, రేపు కూడా రండి," అన్నాడు.

రేపు వెళ్ళింది, ఎల్లుండి వెళ్ళింది. వరసకి ఒక అంకె, బొమ్మకి ఎనిమిది అంకెలు. ఎడమ చివర గడికి నూట ఇరవై ఎనిమిది, దాని పక్కదానికి అరవై నాలుగు, అలా సగం సగం తగ్గుతూ కుడి చివరకి ఒకటి. దారం ఉండల మీద రంగుల నంబర్లు కంఠతా వచ్చిన మనిషికి ఈ లెక్క ఒక లెక్క కాదు. వారం తిరిగేసరికి మాస్టారి అవసరం లేకుండా తనే చుక్కలు పెట్టి, తనే కూడి, తనే వేళ్ళు పెట్టి కొట్టసాగింది. ఆ మిషనుకి ఇంగ్లీషు అక్షరాలు తప్ప రావు. తెలుగు పిల్లల ఆటలో ఇంగ్లీషు రాతలేందని, ఒక్కో తెలుగక్షరానికి నాలుగు బొమ్మలు అతికి, తెర మీద 'దారి లేదు' అని రాయించింది. ఎవరైనా మూలగా నడవబోతే ఆ మాట వచ్చి, మిషను కుయ్యిమనేది. రాజారత్నం గారు అది చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అయినా కుట్టు టీచరు ఈ గదిలో ఎందుకుందన్న అనుమానం ఆవిడకు పూర్తిగా పోలేదు.

మాస్టారికీ ఈమెకూ గట్టిగా పేచీ పడింది ఒకేసారి, అది చచ్చినవాళ్ళ గురించి. మాస్టారి ఆటలో చచ్చిన సైనికుడు తెర మీంచి మాయమైపోయేవాడు. మస్తానమ్మకు అది మింగుడు పడలేదు.

"చచ్చినోడు ఏడికి పోయాడు?"

"పోయాడంతే. చోటు ఖాళీ అయింది."

"అట్టా ఎట్టా పోతాడండీ? పోరాడి చచ్చినోడు చచ్చినకాడ రాయై నిలబడతాడు. మా కారెంపూడి వచ్చి చూడండి. తిరునాళ్ళకి జనం వచ్చేది ఆ వీరుల రాళ్ళ కోసమే గదా? చిన్నప్పుడు ఆటల్లో పడి ఒక రాయిని దాటబోతే మా అమ్మ వీపు చిట్లగొట్టింది."

అని ఊరుకోలేదు. ఎనిమిది గళ్ళలో ఒక రాయిని దించింది, పైన గుండ్రం, కింద పీట. ఎవడు చచ్చినా వాడు పడ్డ గడిలో ఆ రాయి లేవాలి, దాని మీంచి ఎవరూ నడవకూడదు. మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. ఇలాగైతే నాలుగు చావులకే దారులు మూసుకుపోయి ఆట ఇరుక్కుపోతుందన్నాడు. "ఇరుక్కుంటే ఇరుక్కుంటది," అంది ఆమె. అంత కచ్చితంగా చెప్పే మనిషితో వాదించే అలవాటు ఆయనకు లేదు. రాయి ఆటలోకి వచ్చింది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. కోటకి చేరే దారులు రెండు, ఒకటి బండిబాట, రెండోది వాగు. ఒక్కో దారీ ఇరుకైన చోట అయిదు గళ్ళ వెడల్పు. దండెత్తి వచ్చేవాళ్ళు నలభై మంది, కోటలో ఎనిమిది మంది. ఒక్కడికి ఒక్కడు ఎదురుపడితే ఎవడు పడతాడో మిషను ఇష్టం. ఇద్దరి మధ్య చిక్కినవాడు మాత్రం బతకడు. ఇరవై రోజులు కోట నిలబడితే వానలొచ్చి శత్రువు వెనక్కి పోతాడు, ఈలోగా ఒక్కడు లోపల అడుగుపెట్టినా కోట పోయినట్టే. ఇంత అన్యాయమైన లెక్క ఎందుకు పెట్టారని అడిగితే, యుద్ధంలో న్యాయం ఎక్కడుంటుందని మాస్టారు ఎదురడిగాడు. ఎనిమిది మందికీ తొమ్మిదో తరగతి అమ్మాయిలు తమ తాతల పేర్లు పెట్టుకున్నారు. పేర్లయితే పెట్టారు గానీ రెండు నెలల్లో కోట ఒక్కసారి కూడా నిలబడలేదు. మూయాల్సింది పది గళ్ళు, ఉన్నది ఎనిమిది మంది. మాస్టారు ఓడాడు, పిల్లలు ఓడారు, మస్తానమ్మ అందరికంటే ఎక్కువసార్లు ఓడింది.

ఫిబ్రవరిలో పైనుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటర్లు ఇచ్చిన స్కూళ్ళలో చాలాచోట్ల అవి మూలన పడున్నాయట. ఒక అధికారి వచ్చి చూస్తాడట. సరిగ్గా వాడకంలో లేవని ఆయనకు అనిపిస్తే రెండు మిషన్లనూ తీసుకుపోయి వేరే స్కూలుకి ఇచ్చేస్తారట. రాజారత్నం గారు ఉత్తరం చదివి మస్తానమ్మ వైపు చూడకుండా, "ఆ రోజు చెన్నకేశవరావు గారు ఒక్కరే గదిలో ఉంటే బావుంటుందేమో," అన్నారు.

మస్తానమ్మ బడి వదలగానే బయల్దేరింది. ఇంటికి పోయి పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. లారీ దిగి వచ్చిన నాగులు ఏమైందని అడిగాడు.

"ఆ మిషను తీసకపోతారేమోనయ్యా. చూసేవాళ్ళొచ్చే రోజున నన్ను గదిలోకి పిలవలా," అంది. పుట్టి బుద్ధెరిగాక తన చేతి పని చూసి ఒక లెక్కల మాస్టారు లేచి నిలబడ్డది ఆ గదిలోనే. అది పోతే తను మళ్ళీ కుర్చీలు చాలనప్పుడు గుర్తొచ్చే మనిషే. ఆ మాట నాగులుకి చెప్పడం ఆమెకు చేతకాలేదు.

"పిలవకపోతే ఏందే? పోయి నిలబడు. నీ బొమ్మలు గదా అయి," అన్నాడు నాగులు.

అధికారి పేరు అమరేశ్వరరావు. హైదరాబాదు నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చురుకైన మనిషి. గదిలోకి వస్తూనే ఖాళీగా కనబడ్డ మొదటి కుర్చీలో కూర్చున్నాడు, ఖాళీగా ఉన్న బల్ల మీద సంచీ పెట్టాడు, మాస్టారు మాటల మధ్య ఊపిరి పీల్చుకునేంత సందు దొరికితే అందులో ఒక ప్రశ్న పెట్టాడు. కిటికీ పక్కన నిలబడ్డ మస్తానమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు గోడ వెంబడి వరసగా నిలబడ్డారు. రాజారత్నం గారు కుట్టు టీచరును చూసి కూడా, అధికారి ముందు ఏమీ అనలేక ఊరుకున్నారు.

మాస్టారు ఆట పెట్టగానే అమరేశ్వరరావు ముఖం వెలిగింది. ఇలాంటి ఆటలంటే తనకు ప్రాణమనీ, ఊళ్ళో స్నేహితుల దగ్గర చాలా ఆడాననీ చెప్పి, బొమ్మలు బావున్నాయన్నాడు. "నలభై మందిని నాకివ్వండి. కోట వైపు ఎవరాడతారు?"

మాస్టారు గుటకలు మింగాడు. పిల్లలు నేల చూపులు చూశారు. మస్తానమ్మ కిటికీ దగ్గర్నుంచి వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది.

"మీరు?" అన్నాడు అధికారి.

"నేను కుట్టు టీచర్నండీ," అని, తన మనుషుల్ని సర్దడం మొదలుపెట్టింది.

నలుగుర్ని బండిబాటకి, నలుగుర్ని వాగుకి పంపింది. ఇన్నాళ్ళూ అందరూ ఖాళీ గడిని ఒక చివరకు తోసి, అటు శత్రువు రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. మస్తానమ్మ ఈసారి ఖాళీ గడిని సరిగ్గా మధ్యలో వదిలింది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, నడుమ సందు. ఖాళీ కనబడితే ఆగలేని మనిషి ఈయన అని ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

నాలుగు రోజుల ఎత్తుల్లో అమరేశ్వరరావు గుర్రాలు బండిబాట మీదికి వచ్చేశాయి. ఆయన నవ్వాడు. "మీ వరసలో సందు ఉంది, చూసుకున్నారా?"

"చూసుకున్నానండీ."

ఆయన గుర్రాన్ని సందులోకి తోశాడు. అటొకడు ఇటొకడు పట్టారు. గుర్రం పడింది, సందులో రాయి లేచింది. పిల్లల్లో ఒకతె కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. మూయడానికి మనిషి చాలని చోటును శత్రువు చేతే మూయించింది మస్తానమ్మ.

అధికారికి రోషం వచ్చింది. ఆ వరసలోని నలుగురి మీద పడ్డాడు. మిషను ఆయన పక్షానే ఉన్నట్టు తోచింది. ఎడమ చివరివాడు పడ్డాడు, కుడి చివర అంతోని పడ్డాడు, ఆ తర్వాత గోపాలకృష్ణయ్య పడ్డాడు. ఒక్కో పేరు పడ్డప్పుడల్లా ఆ తాత మనవరాలు గోడ దగ్గర్నుంచి నిట్టూర్చేది. ఆ వరసలో ఒక్క కొండలే మిగిలాడు. అయితే కొండలు తన మీదికి వచ్చినవాణ్ణి పడగొట్టాడు. పడ్డవాడు కొండలు ముందున్న గడిలో రాయైపోయాడు. అమరేశ్వరరావు ఇంకొకణ్ణి ముందుకు నడపబోయాడు.

దారి లేదు. మిషను కుయ్యిమంది.

ఇంకో గడి, ఇంకో గడి నొక్కి చూశాడు. దారి లేదు, దారి లేదు. ఆయన చేతులు తీసేసి మాస్టారి వైపు తిరిగాడు. "ఇది ప్రోగ్రాములో తప్పు. చచ్చినవాళ్ళను తెర మీంచి తీసెయ్యాలి గదా? ప్రపంచంలో ఎక్కడైనా చచ్చినవాడు దారికి అడ్డం నిలబడతాడా?"

రాజారత్నం గారి ముఖంలో నెత్తురు లేదు. చెన్నకేశవరావు లేచి, "సార్, రెండు వరసలు మారిస్తే చాలు, ఇప్పుడే తీసేస్తాను," అన్నాడు. పాపం, ఆయన భయం ఆయనది, మిషన్లు చెయ్యి దాటిపోతున్నాయని.

"తియ్యరు," అంది మస్తానమ్మ. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో ఆమెకే తెలియలేదు. తర్వాత అధికారి వైపు చూసి నెమ్మదిగా చెప్పింది. "ప్రపంచం సంగతి నాకు తెలవదండీ. మా కారెంపూడిలో నిలబడతాడు. ఎన్ని వందల ఏళ్ళయిందో, ఇంకా నిలబడే ఉన్నాడు. మీరు తప్పని రాసుకుంటే రాసుకోండి. ఈ ఆట పల్నాడులో చేసింది, ఇక్కడ ఇట్టాగే."

అమరేశ్వరరావు రాసుకోవడానికి తీసిన కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "సరే. అలాగే ఆడదాం. కానీ గెలిస్తేనే మీ మాట," అన్నాడు.

అప్పటికి తొమ్మిది రోజులు గడిచాయి. ఆయన సైన్యం మొత్తం వాగు వైపు తిరిగింది. తన మనుషుల రాళ్ళే తన గుర్రాలకు అడ్డం రావడంతో చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. మస్తానమ్మ కొండలును వెనక్కి తీసింది. ఇక బండిబాటకు అతని అవసరం లేదు, ముందున్న రాయి ఆ గడిని కాచుకుంటుంది. అక్కడి నుంచి వాగు దాకా పది గళ్ళు. కాలినడక మనిషి, రోజుకి ఒక్క గడి. కొండలు నడవడం మొదలుపెట్టాడు.

వాగులోనూ నలుగురే, నడుమ సందు. అమరేశ్వరరావు ఈసారి ఆ సందు జోలికి పోలేదు. ఒకసారి మోసపోయిన దగ్గర రెండోసారి మోసపోయే మనిషి కాదు. సందుకి అటూ ఇటూ ఉన్న ఇద్దరి మీదే గురిపెట్టాడు. మొదటివాడు ఆయన మనుషుల్ని ముగ్గుర్ని పడగొట్టి పడ్డాడు. రెండోవాడు నాలుగు రోజులు నిలబడి పడ్డాడు. రెండు రాళ్ళు లేచాయి. ఇప్పుడు సందుకి రెండు పక్కలా రాళ్ళే. రాయి అడ్డం నిలుస్తుంది గానీ కత్తి దూయదు. ఇక సందులో దూరేవాణ్ణి పట్టేవాడు లేడు, తలుపు బార్లా తెరిచినట్టయింది. చివర్లలో ఉన్న ఇద్దరూ కదిలితే వాళ్ళ చోటే ఖాళీ అవుతుంది.

"టీచర్, కొండలు!" అని ఎవరో అరిచారు. కొండలు ఇంకా మూడు గళ్ళ దూరంలో ఉన్నాడు.

పద్దెనిమిదో రోజు వచ్చింది. అమరేశ్వరరావు గుర్రం వాగులో పడిన తన వాళ్ళ రాళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ వస్తోంది. పంతొమ్మిదో రోజు పొద్దున గుర్రం సందు ముందుకు వచ్చి ఆగింది. కొండలు సందు వెనక ఉన్నాడు. ఎత్తు మస్తానమ్మది. అతన్ని వెనక ఆపితే ఇంకొక్క రోజు బతుకుతాడు, కోట పోతుంది. ఒక మీట నొక్కింది. కొండలు సందులోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఇద్దరూ ఎదురెదురు. అధికారి ముందుకు వంగి మీట కొట్టాడు. మిషను ఒక క్షణం ఆలోచించినట్టు ఆగింది. కొండలు పడ్డాడు.

"పడ్డాడు! అయిపోయింది!" అని అమరేశ్వరరావు చిన్నపిల్లాడిలా చేతులు చరిచాడు. గోడ దగ్గర పిల్లలు అయ్యో అన్నారు, ఒక పిల్ల ఏడ్చేసింది కూడా. ఆ అల్లరిలో ఆయన గుర్రాన్ని కోటలోకి నడపబోయాడు.

దారి లేదు.

ఆయన మళ్ళీ నొక్కాడు. దారి లేదు. అప్పుడు చూశాడు. సందులో రాయి లేచి నిలబడి ఉంది. ఎడమ నుంచి కుడికి వాగు మొత్తం మూసుకుపోయింది, తన చేత్తో తనే మూశాడు. ఇరవయ్యో రోజు తెర మీద వాన పడింది. ఆ చినుకులు కూడా మస్తానమ్మ పెట్టిన చుక్కలే.

పిల్లల కేకలకు పక్క క్లాసు టీచర్లు వచ్చి తలుపులో నిలబడ్డారు. చెన్నకేశవరావు ఎగరడం ఒక్కటే తక్కువ. మస్తానమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. గెలిచినందుకు ఛాతీ ఉప్పొంగిపోతోంది, చూపు మాత్రం పడినవాళ్ళ రాళ్ళ మీదే ఉంది. తెర మీద చుక్కల బొమ్మలే అవి, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అమరేశ్వరరావు రాళ్ళు లెక్కపెట్టబోయి ఆగాడు. "వీటిలో మా వాళ్ళెవరు, మీ వాళ్ళెవరు? అందరికీ ఒకే బొమ్మ వేశారేం?"

"చచ్చినాక ఇంకా పక్షమేందండీ," అంది మస్తానమ్మ.

ఆట ముగించడానికి మీట మీద పెట్టబోయిన చెయ్యి ఆయన వెనక్కి తీసుకున్నాడు. సంచీలోంచి పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే పైకి చదివాడు. రెండు కంప్యూటర్లూ చక్కటి వాడకంలో ఉన్నాయి, ఈ స్కూల్లోనే ఉండాలి.

"బాధ్యులుగా ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు అధికారి, చెన్నకేశవరావు వైపు చూస్తూ.

ఆ ఒక్క మాటకు మాస్టారు ఊరుకుంటే చాలు, పేరు ఆయనదే అయ్యేది. ఊరుకుని ఉంటే అడిగేవాడు కూడా లేడు. "లెక్కలు నావి సార్," అన్నాడు చెన్నకేశవరావు. "యుద్ధం ఆవిడది. ఆవిడ పేరే రాయండి."

అధికారి హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగాడు. రాజారత్నం గారు మస్తానమ్మను చూశారు. ఆవిడ కూడా ఒకప్పుడు చెప్పులు లేకుండా మైళ్ళు నడిచి చదువుకున్న మనిషే, అంత పట్టుదల ఎదురుగా కనిపిస్తే గుర్తుపట్టలేనంత మొద్దు కాదు. "రాయండి. మస్తానమ్మ గారు," అన్నారు. ఆ నోటి వెంట ఆ పేరు పక్కన గారు రావడం స్కూలు మొత్తం మొదటిసారి విన్నది.

"హోదా ఏమని రాయాలి? కంప్యూటరు టీచరనే రాసేస్తాను," అన్నాడు అమరేశ్వరరావు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు, ఎత్తి పీట వేస్తున్నాననే అనుకున్నాడు.

మస్తానమ్మ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

"కుట్టు టీచరనే రాయండి సార్. నా పని మార్చి గొప్ప చేయొద్దు. ఆ గుర్రాన్ని దించింది కుట్టే, ఆ రాయిని పెట్టింది కుట్టే. ఇందాక సందు మూసింది కూడా అదే."

ఆయన ఆమె చెప్పినట్టే రాశాడు. మస్తానమ్మ, కుట్టు టీచరు, కంప్యూటరు గదికి బాధ్యురాలు. రాసినదాన్ని ఆమె వైపు తిప్పి చూపించాడు. ఆమె ప్రతి అక్షరం చదివి, కింద సంతకం పెట్టింది.

అప్పటికే అయిదో పీరియడు గంట కొట్టేశారు. గోడ దగ్గర పిల్లలు ఇంకా తెరను చూస్తూనే ఉన్నారు.

"ఏమే, గంట వినబళ్ళా మీకు? జేబురుమాళ్ళు తీసుకుని పదండి. ఇవ్వాళ అందరివీ వెనక్కి తిప్పి చూస్తా," అంది మస్తానమ్మ. పిల్లలు తోసుకుంటూ బయటికి పరుగెత్తారు, వాళ్ళ వెనక ఆమె తల ఎత్తుకుని నడిచి వెళ్ళింది.